వీపు మీది గీత

మార్చి 7, శనివారం

కొత్త నోటుబుక్కు మొదలు. ఈ కంపెనీవాళ్ళు కూడా చెడిపోయారు. గీతలన్నీ మధ్యలో వంగి ఉన్నాయి. ముప్ఫై ఏళ్ళుగా ఇదే రకం కొంటున్నాను. కాగితం మీద గీత గీయడం కూడా చేతకాని కాలం వచ్చింది.

ఈ వారం మా ప్రకృతి సంఘం నడక నీళ్ళు లేని హాకిన్స్ వాగులో. పదకొండు మంది వచ్చారు. తొమ్మిది మందికి చేతుల్లో రెండేసి కర్రలు, మెడ వెనక గుడ్డ వేలాడే టోపీలు, వీపున నీళ్ళ సంచులు. మూడు మైళ్ళు చదును నేల మీద నడవడానికి ఎవరెస్టు ఎక్కేంత సరంజామా. సెక్రటరీ క్లిఫ్ బార్లో అందరికీ ఎండ క్రీము పంచాడు. తొమ్మిదో తరగతి జీవశాస్త్రంలో వీణ్ణి నేను రెండుసార్లు ఫెయిలు చేశాను. బల్లికీ కప్పకీ తేడా ఇప్పటికీ తెలియదు గాని సంఘాన్ని నడుపుతున్నాడు.

కొత్తగా ఒకావిడ వచ్చింది, డెల్ఫీన్ ఒచోవా. పోస్టాఫీసులో ఇంటింటికీ ఉత్తరాలు పంచి రిటైరయిందట. కర్రల్లేవు. కాళ్ళకు పాత పోస్టాఫీసు బూట్లు. నడక మాత్రం నాకంటే వేగం. వాగు కింది భాగంలో ముందుగా ఆగి చెయ్యెత్తింది ఆవిడే. కొమ్ముల తొండ. అందరూ ఒకరి మీద ఒకరు పడి ఫోన్లు తీశారు. "కొమ్ముల కప్ప, కొమ్ముల కప్ప" అని ఒకటే గోల. అది కప్ప కాదని ఈ ఊళ్ళో నలభై ఏళ్ళుగా చెబుతున్నాను, చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు. ఒకాయన అది కళ్ళలోంచి నెత్తురు చిమ్ముతుందా అని అడిగాడు. చిమ్మకపోయేసరికి టిక్కెట్టు డబ్బులు దండగయినట్టు ముఖం పెట్టాడు.

ఆరడుగుల దూరం నుంచే చెప్పేశాను, ఎడారిలో ఎక్కడపడితే అక్కడ ఉండే మామూలు కొమ్ముల తొండ అని.

"వీపు మీద నల్లగీత ఉంది మాస్టారూ," అంది డెల్ఫీన్. "తల దగ్గర్నుంచి తోక దాకా, సన్నగా. ఆ గీత ఉండేది చదునుతోక తొండకి గదా? పుస్తకంలో చూశా."

"పుస్తకం ఎప్పుడు కొన్నారు?"

"మంగళవారం."

అందరూ నవ్వారు. చదునుతోక తొండ సన్నని ఇసుకలో తప్ప బతకదనీ, హాకిన్స్ వాగంతా గులకరాళ్ళనీ, ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఇక్కడ ఒక్కటి కూడా నమోదు కాలేదనీ, నమోదు చేసేది నేనేననీ చెప్పాను. మీకు కనబడింది ఎండుపుల్ల నీడ అయి ఉంటుందన్నాను. ఆవిడ వాదించలేదు. పక్కన కొలతకు పావుడాలరు బిళ్ళ పెట్టి, సంఘం నియమం ప్రకారం వీపు, పక్క, తోక మూడు ఫోటోలు తీసింది. తాకలేదు. ఆ మాత్రం బుద్ధి ఉంది.

మార్చి 8

టేబుల్ లైటు బల్బు మార్చాను. కొత్తది పాతదానికంటే అధ్వాన్నం.

మార్చి 10, మంగళవారం

క్లిఫ్ ఫోన్. జిల్లావాళ్ళు హాకిన్స్ వాగును ఇసుక బండ్లకు, అంటే ఇసుకలో సరదాకు తోలే బండ్లకు, తెరుస్తారట. పెద్ద చక్రాల బండ్లేసుకుని నగరాల నుంచి వచ్చి, బీరు తాగి, దుమ్ము లేపి పోయే సన్నాసుల కోసం. ఏప్రిల్ 2న సమావేశం. వాగులో అరుదైన జీవులేమైనా ఉన్నాయా అని మన సంఘాన్ని లిస్టు అడిగారు.

"చదునుతోక ఒక్కటి ఉందంటే చాలు సార్, ఆ వాగు జోలికి రారు," అన్నాడు. "లేదంటే రెండో తారీఖు సాయంత్రానికి గేటు తీసేస్తారు. మీ సంతకం ఉంటే ఎవరూ ఎదురడగరు."

ఆ బండ్లంటే నాకు అసహ్యం. ఆ వాగులో ఏ పొద కింద ఏ కన్నం ఉందో నాకు తెలుసు. పెళ్ళీ పెటాకులూ లేనివాడికి అంతకంటే ఏముంటుంది? కాని లేని తొండను ఉన్నట్టు రాసి వాగును కాపాడుకునే రకాన్ని కాదు. అలాంటివాళ్ళు చాలామంది ఉన్నారు.

డెల్ఫీన్ ఫోటోలు పోస్టులో వచ్చాయి. భూతద్దం కింద గంటసేపు చూశాను. గీత లేదు. వీపు నడిమధ్యన ఒక బూడిదరంగు మసక ఉంది, అంతే. ఫోటో తీయడం చేతగాక తొండల మీద గీతలు పుట్టిస్తున్నారు. ఆడలేక మద్దెల ఓడు. ఎర్ర పెన్సిలుతో వెనక 'మామూలు' అని రాసి తిప్పి పంపాను.

మార్చి 11

కరెంటు కంపెనీకి ఫోన్ చేశాను. ఇంటిముందు స్తంభం నడుము దగ్గర వంగింది. పడితే నా కప్పు మీదే. ఫోన్లో అమ్మాయి "నడుము దగ్గరా సార్?" అని రెండుసార్లు అడిగింది. స్తంభానికి నడుము ఎక్కడో తెలియనివాళ్ళకు ఉద్యోగాలిస్తారు.

మార్చి 14, శనివారం

ఈసారి లోయలో నడక. చెప్పుకోదగ్గదేమీ కనబడలేదు. ఈమధ్య ఏదీ కనబడదు. పదిమంది కబుర్లు చెప్పుకుంటూ నడిస్తే జంతువులు ఎందుకుంటాయి?

భోజనాల దగ్గర డెల్ఫీన్ నా పక్కన బండ మీద కూర్చుని చిక్కుడుగింజలు పెట్టి చుట్టిన రొట్టె, బరీటో, విప్పింది.

"ఫోటో వెనక మామూలు అని రాశారు. ఎందుకు మామూలో రాయలేదు."

"ముప్ఫై ఒక్క ఏళ్ళ అనుభవం ఫోటో వెనక పట్టదు."

"మా పోస్టాఫీసులో రెండు ముద్రలుండేవి మాస్టారూ. ఒకటి 'ఇలాంటి అడ్రసు లేదు'. రెండోది 'అడ్రసు చదవలేకపోయాం'. కొత్తలో నేను రెండోది వెయ్యడానికి సిగ్గుపడి మొదటిదే వేసేదాన్ని. మా పోస్టుమాస్టరు పిలిచి చీవాట్లు పెట్టాడు. నువ్వు చదవలేకపోతే ఇల్లు లేకుండా పోతుందా అన్నాడు."

"ఏమిటి మీ ఉద్దేశం?"

"ఏమీ లేదు. తినండి. మీరు పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు, సరేనా?"

సగం బరీటో నా వైపు జరిపింది. నేను తీసుకోలేదు. ఉత్తరాలు పంచిన మనిషి నాకు తొండల గురించి పాఠం చెప్పడం.

మార్చి 17

పక్కింటివాళ్ళు తమ తపాలాపెట్టెను రోడ్డు మీదికి జరిపారు. నా కారు అద్దం దానికి తగిలి విరిగింది. నేను రోజూలాగే వెనక్కి తీస్తున్నాను.

మార్చి 19, గురువారం

క్లిఫ్ ఉత్తరం టైపు చేసి పట్టుకొచ్చాడు. 'హాకిన్స్ వాగులో అరుదైన సరీసృపాలు ఏవీ నమోదు కాలేదు.' కింద నా పేరు, ఆర్లెన్ విట్‌కాంబ్, రికార్డుల బాధ్యుడు.

"ఫోన్లో జంతువుల్ని గుర్తుపట్టే యాప్ కూడా మీ మాటే అంది సార్. డెల్ఫీన్ ఫోటో పెడితే మామూలు తొండ, తొంభై ఒక్క శాతం అంది."

సంతోషపెడదామని చెప్పాడు పాపం. నాలుగేళ్ళుగా సంఘం పత్రికలో ఆ యాప్‌ను గుడ్డిగుర్రమని తిడుతున్నాను. అది మ్యాపు చూసి చెబుతుంది. ఆ చోట ఇంతకు ముందు ఏది నమోదైతే దాన్నే మళ్ళీ అంటుంది. నమోదు చేసింది నేను. అంటే నా మాట నాకే తిప్పి వినిపించి, తొంభై ఒక్క శాతం అని తోక తగిలించింది. ఇన్నాళ్ళకు నన్ను సమర్థించేది దొరికిందంటే అది ఇదా?

పెన్ను కనబడలేదు, తర్వాత సంతకం పెడతానని చెప్పి క్లిఫ్‌ను పంపించాను. పెన్ను జేబులోనే ఉంది.

మార్చి 21, శనివారం

నడకకు వెళ్ళలేదు. పన్నెండింటికి డెల్ఫీన్ ఇంటికే వచ్చింది. అదే ఫోటోను పెద్దదిగా అచ్చు వేయించి తెచ్చింది. వరండాలో నిలబెట్టే మాట్లాడాను. కరెంటు కంపెనీ నిర్వాకం చూడమని స్తంభం చూపించాను.

ఆవిడ వీధిని ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసింది.

"ఏ స్తంభం?"

"ఉన్నది ఒకటే గదా."

"అది నిటారుగా ఉంది మాస్టారూ."

నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

"మా ఆయనకి ఇలాగే మొదలైంది. తలుపు చట్రం వంకరగా బిగించాడని వడ్రంగిని తిట్టేవాడు. కంటి వెనక పొర పాడవుతుంది. నిటారుగా ఉన్నవి వంగుతాయి, ఎదురుగా ఉన్నది మసకబారుతుంది. మా ఆయన ఒప్పుకునేసరికి ఆలస్యమైపోయింది. పదండి, సోమవారం నేను తీసుకెళతా డాక్టరు దగ్గరికి."

"నా కళ్ళకేమీ కాలేదు."

"అయితే ఈ గీత మీద వేలు పెట్టండి."

ఫోటో నా చేతికిచ్చింది. పెట్టాను.

"అది పావుడాలరు అంచు," అంది మెల్లగా.

ఆ తర్వాత నేనన్న మాటలన్నీ ఇక్కడ రాయను. 'ఉత్తరాలు పంచుకునేదానివి నువ్వా నాకు చెప్పేది' అనేది వాటిలో ఒకటి. ఆవిడ ఫోటోను వరండా గట్టు మీద పెట్టి, గాలికి పోకుండా పైన రాయి ఉంచి, వెళ్ళిపోయింది.

మార్చి 22

స్తంభం వంగే ఉంది.

మార్చి 23, సోమవారం

కుడికన్ను మూసి చూశాను. స్తంభం నిటారుగా ఉంది. ఎడమకన్ను మూసి చూశాను. వంగింది.

ఎండలో చూశాను. నీడలో చూశాను. పక్కింటివాడి గరాజు తలుపు చూశాను. అదీ అంతే. ఎడమకన్ను చిన్నప్పటి నుంచీ మందం, దానికి అంతా పొగమంచు. భూతద్దంలో చూసేది ఎప్పుడూ కుడికంటితోనే.

తపాలాపెట్టె కూడా ఎక్కడిదక్కడే ఉంది. అడుగులు వేసి కొలిచాను.

మార్చి 24

రెండేళ్ళ రికార్డులు దింపాను. దీపం దగ్గర పెట్టుకుని ఎడమకంటితో ఒక్కో అక్షరం ఏరుకున్నాను. హాకిన్స్ వాగు నుంచి కొమ్ముల తొండ ఫోటోలు పద్నాలుగు వచ్చాయి. పద్నాలుగింటి మీదా 'మామూలు' అని రాశాను. ఐదుగురు వీపు మీద గీత ఉందని రాశారు. ఐదుగురు. ఒకరికొకరు తెలియనివాళ్ళు.

వారిలో ఒకావిడ వెర్నా టిల్‌మన్, నర్సుగా చేసి రిటైరయింది. మూడుసార్లు రాసింది. మూడోదానికి నేనిచ్చిన జవాబు కాపీ ఫైల్లో ఉంది. 'కళ్ళద్దాలు మార్చుకోండి.' ఒకే ఒక్క వాక్యం. అప్పుడు చమత్కారంగా ఉందనుకున్నాను. ఆవిడ మళ్ళీ సంఘం ముఖం చూడలేదు. వెళితే వెళ్ళింది, చాదస్తం వదిలింది అని క్లిఫ్‌తో అన్నాను కూడా.

కళ్ళు నెత్తికెక్కినవాడికి ముందున్నది ఎలా కనబడుతుంది?

అయినా గీత ఉందని రుజువేమిటి? అందరూ పొరబడి ఉండవచ్చు. నాకు కనబడనంత మాత్రాన ఉందనీ కాదు.

మార్చి 25

గరాజులో బడినాటి సీసాలున్నాయి. ఒక దానిలో మామూలు కొమ్ముల తొండ, పిల్లలకు చూపించడానికి వాడేవాణ్ణి. తీసి అరచేతిలో పెట్టుకున్నాను. కళ్ళు మూసుకుని పొట్ట పక్కన బొటనవేలి గోరు నడిపాను. అంచు పొడుగునా రంపపు పళ్ళలాంటి ముళ్ళ వరస, ఒకటే. చదునుతోకకు రెండు వరసలు, ఒకదాని కింద ఒకటి. ఇది నేను నలభై ఏళ్ళు నల్లబల్ల మీద గీసి చెప్పిన పాఠం. వేళ్ళతో ఎప్పుడూ చదవలేదు.

మార్చి 26

డెల్ఫీన్‌కు ఫోన్ చేశాను. మూడుసార్లు మోగాక ఎత్తింది.

"ఉత్తరాలు పంచుకునేదాన్ని మాట్లాడుతున్నా. చెప్పండి."

ఏం చెప్పాలో రాసిపెట్టుకున్నాను. రాసింది చదవలేకపోయాను. "రేపు హాకిన్స్ వాగుకు నన్ను తీసుకెళతారా?" అన్నాను.

"డాక్టరు దగ్గరికి?"

"వాగు తర్వాత."

"ఏడున్నరకి సిద్ధంగా ఉండండి. మీరు నడిపితే నేను రాను."

క్షమాపణ చెప్పడం మర్చిపోయాను. మర్చిపోలేదు, చెప్పలేదు.

మార్చి 27, శుక్రవారం

వాగు కింది భాగంలో బండి దిగి పది అడుగులు వేసేసరికి బూట్లు దిగబడ్డాయి. ఇసుక. పిండిలాంటి సన్నని ఇసుక.

"ఇదెప్పుడు వచ్చింది?" అన్నాను.

"రెండేళ్ళ కిందటి వరదకి. క్లిఫ్ చెప్పాడు. మీరు ప్రతి నెలా ఇక్కడే నడుస్తున్నారు గదా మాస్టారూ?"

నడుస్తున్నాను. గులకరాళ్ళని పత్రికలో రాస్తూ, ఇసుక మీద నడుస్తున్నాను. దీనికి కంటిజబ్బు మీద నేరం మోపలేను. కాళ్ళు బాగానే ఉన్నాయి.

డెల్ఫీన్ జాడ పట్టింది. ఇసుక మీద చిన్న గోళ్ళ అచ్చులు, మధ్యలో తోక ఈడ్చిన చార, చీమల తొక్కలు నిండిన రెట్ట. ఆవిడ ముందు, నేను వెనక. గంటన్నర నడిచాం. నలభై ఏళ్ళలో నేను ఇంకొకరి వెనక నడిచింది అదే మొదటిసారి. ఒక క్రియోసోట్ పొద దగ్గర ఆగింది.

"మీ ఎడమకాలికి రెండడుగుల ముందు. కదలడం లేదు."

నాకు ఇసుకే కనబడింది. కూర్చున్నాను. ఇంకా ఇసుకే. ఆ జాతి పారిపోదు, నేలకు అతుక్కుని లేనట్టు నటిస్తుంది. నా ముందు నటించనక్కర్లేదు. డెల్ఫీన్ నా మణికట్టు పట్టుకుని దాని దగ్గరికి తీసుకెళ్ళింది. చెయ్యి చాపగానే ఆపింది.

"మీ కాగితంలో మూడో నియమం. 'ఎట్టి పరిస్థితిలోనూ తాకరాదు.' పెద్ద అక్షరాల్లో ఉంది."

"రాసింది నేనే."

పోయినేడాది ఒక పళ్ళ డాక్టరు ఒకదాన్ని తిరగేసి చూశాడని సంఘం నుంచి వెళ్ళగొట్టించాను. అందరి ముందూ నిలబెట్టి మరీ. ఆయన గుర్తొచ్చాడు. అయినా తీశాను.

వెచ్చగా ఉంది. నా అరచేతిలో దాని పొట్ట గబగబా కొట్టుకుంటోంది. కళ్ళు మూసుకున్నాను. బొటనవేలి గోరును పక్కన నడిపాను. ఒక వరస. కిందికి జరిపాను. ఇంకో వరస. రెండో వైపు చూశాను. ఒకటి, రెండు. మళ్ళీ మొదటివైపు. ఎన్నిసార్లు చూశానో తెలియదు. ఒక్కసారైనా ఒకటే తగలాలని కోరుకున్నాను. అబద్ధమెందుకు, కోరుకున్నాను.

"గీత ఎలా ఉంది?" అన్నాను.

"సన్నగా ఉంది. తల దగ్గర కాస్త లావు. వెనక పొడుగు కొమ్ములు రెండు. మీరు దాని కొమ్ము మీద కన్నీళ్ళు కార్చకండి, భయపడుతుంది."

తీసినచోటే వదిలేశాను. డెల్ఫీన్ పావుడాలరు పెట్టి మూడు ఫోటోలు తీసింది. చెప్పవలసిన మాట అప్పుడు చెప్పాను. ఆవిడ "సరేలెండి" అని బరీటో సగం విరిచి ఇచ్చింది. తిన్నాను.

మార్చి 30

కంటి డాక్టరు కుర్రవాడు. నా దగ్గర చదవలేదట. అందుకే కాబోలు డాక్టరయ్యాడు. గళ్ళ కాగితం చూపించాడు, నడిమి గళ్ళు కరిగిపోయి ఉన్నాయి. కంట్లో సూది వేశాడు. పోయిన చూపు రాదట, ఉన్నది నిలవవచ్చట. రెండేళ్ళ కింద వస్తే బాగుండేదన్నాడు. రెండేళ్ళ కింద నాకు చెప్పినవాళ్ళున్నారని చెప్పలేదు.

ఏప్రిల్ 2, గురువారం

సమావేశం. బడి హాలు నిండిపోయింది. ఇసుక బండ్లవాళ్ళు ఒకే రంగు టోపీలు పెట్టుకొచ్చారు, సొంత బుర్రలు లేవని ముందే ఒప్పుకున్నట్టు.

క్లిఫ్ నా పేరు పిలిచాడు. కాగితం తీసుకెళ్ళలేదు, చదవలేను గనక. ఉన్నదున్నట్టు చెప్పాను. హాకిన్స్ వాగు కింది భాగంలో చదునుతోక తొండలున్నాయి. వాటిని చూసి గుర్తుపట్టింది డెల్ఫీన్ ఒచోవా. ఆవిడకు ముందు ఇంకో ఐదుగురు గుర్తుపట్టారు. ఆరుగురిదీ తప్పని రాసింది నేను. రెండేళ్ళుగా నా కంటికి గీత కనబడదు. కనబడలేదని రాయడానికి బదులు లేదని రాశాను. ఈ రెండేళ్ళ నా రికార్డులు కొట్టెయ్యండి.

టోపీవాళ్ళలో ఒకడు లేచాడు. "అంటే ఏంటి సార్, కళ్ళు కనబడని పెద్దాయన మాట పట్టుకుని వాగు మూసెయ్యాలా మేము?"

వాళ్ళ వరసల్లో నవ్వు. వాడన్నదాంట్లో తప్పులేదు. బడిలో ఉంటే వాడికి మార్కులు వేసేవాణ్ణి.

"నా మాట పట్టుకోవద్దనే వచ్చాను," అన్నాను. "వాళ్ళ ఫోటోలు చూడండి. మీ కళ్ళు బాగున్నాయి గదా, ముందుకొచ్చి గీత లేదని చెప్పండి."

డెల్ఫీన్ ఫోటోలను తెర మీద వేసింది. హాలు నిశ్శబ్దమైంది. నాకు తెర మీద బూడిదరంగే కనబడింది. నిశ్శబ్దాన్ని బట్టి గీత ఉందని తెలిసింది. టోపీవాడు కూర్చున్నాడు. ఏడాది పాటు సర్వే చేయించేదాకా గేటు తెరవకూడదని జిల్లావాళ్ళు రాసుకున్నారు.

బయట డెల్ఫీన్‌కు రికార్డుల పెట్టె తాళం, ఎర్ర పెన్సిలు ఇచ్చాను. తాళం తీసుకుంది.

"ఎర్రది నాకొద్దు మాస్టారూ. నా దగ్గర మామూలు పెన్సిలుంది." తర్వాత అంది, "వెర్నా టిల్‌మన్ చివరి వరసలో కూర్చుంది. మీరు మాట్లాడినంతసేపూ అద్దాలు తుడుచుకుంది."

వెళ్ళి మాట్లాడతానన్నాను. అప్పటికే వెళ్ళిపోయిందట. రేపు ఉత్తరం రాయాలి. ఆ ఐదుగురికీ రాయాలి. నేను చెబితే డెల్ఫీన్ రాస్తానంది, 'కళ్ళద్దాలు' అనే మాట మాత్రం నా చేత్తోనే రాయాలట.

ఏప్రిల్ 4, శనివారం

ఉదయం కరెంటు కంపెనీ మనిషి వచ్చాడు. ఇరవై నాలుగు రోజులకు. నిచ్చెన వేసి, మట్టం పెట్టి, తాడు వేలాడదీసి, నాలుగు వైపుల నుంచీ చూశాడు. చూసి, గడ్డం గోక్కుంటూ వరండా దగ్గరికి వచ్చాడు.

"ఇది వంగిందని ఫోన్ చేసిందెవరండీ? ఈ వీధిలో ఇంత నిటారుగా ఉన్న స్తంభం ఇంకోటి లేదు."

ఒకప్పుడైతే వాడి మట్టం పాడైందని చెప్పేవాణ్ణి.

"నేనే," అన్నాను. "తప్పు నాదని రాసుకో."

రాసుకుని, సంతకం పెట్టమని కాగితం పలక నా ముందు పెట్టాడు. పెన్ను జేబులోంచి తీశాను. కాగితం మీద సంతకానికి గీత ఎక్కడో ఉండి ఉంటుంది.

"ఎక్కడ పెట్టాలో వేలు పెట్టి చూపించు నాయనా," అన్నాను.